స్విచ్ గదిలో కోసిన గడ్డి వాసన

ఇప్పటికీ మధ్యాహ్నం కాస్త కునుకు పడితే నాకు ఎర్రటి శంకువులు కనిపిస్తాయి. స్టేషను గోడల మీద, లోకో షెడ్డు స్తంభాలకు, పార్శిల్ గదిలో, పవర్‌హౌస్ మెట్ల పక్కన కొక్కేలకు వేలాడే ఇనప డబ్బాలు. బిలాస్‌పూర్ యార్డంతా పొగమంచు. పట్టాల మధ్య నడుచుకుంటూ ఒక్కో డబ్బా దగ్గర ఆగి, అరచేత్తో తట్టి చూస్తూ వెళుతుంటాను. కలలో ఆ ఇనుము వెచ్చగా ఉంటుంది, ఆవు పొట్టలాగా.

మా నాన్న బొబ్బిలి వైపు నుంచి లైను వేసే పనిలోకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను రైల్వే క్వార్టర్లోనే పుట్టి, రైల్వేలోనే మంటలార్పే పనిలో చేరి, అందులోనే రిటైరయ్యాను. ఇప్పుడు ఆ పనిలోకి వస్తున్న మన పిల్లలు అప్పుడప్పుడు మా అరుగు మీద కూర్చుని, "ఏ డబ్బాలో ఏటుంటాది మావయ్యా?" అని అడుగుతారు. నోటితో చెబితే సగం వింటారు, మిగతా సగానికి డ్యూటీకి టైమైపోతుంది. అందుకని రాస్తున్నాను. తెలుగు చదవడం రానివాళ్లకు ఇంట్లో అమ్మలెవరైనా చదివి వినిపించాలి.

నీళ్లను తోసే గ్యాసు

ముందుగా అందరికీ తెలిసిన ఎర్ర శంకువు. దాన్ని సోడా-యాసిడ్ డబ్బా అంటాం. లోపల ఉండేది వంటసోడా కరిగించిన నీళ్లు. పైన, పంజరంలో పిట్టలాగా, ఒక చిన్న గాజు బుడ్డి. అందులో గంధకామ్లం. డబ్బా కొసనున్న గుబ్బను నేలకేసి గట్టిగా కొడితే బుడ్డి పగిలి ఆమ్లం సోడానీళ్లలో కలుస్తుంది. గోలీసోడాలో పొంగే గ్యాసే అక్కడా పొంగుతుంది. దానికి పోవడానికి దారుండదు కాబట్టి నీళ్లను ముక్కులోంచి బయటికి తోసేస్తుంది.

యాసిడ్ మంటను చంపుతుందని కొందరు, గ్యాసు చంపుతుందని కొందరు నాతో వాదించారు. మంటను చల్లార్చేది నీళ్లే. గ్యాసుది తోసే పని. ఇది మనసులో పెట్టుకుంటే ఆ డబ్బా దేనికి పనికొస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. కర్ర, గుడ్డ, కాగితం, ఆకు అంటుకుంటే అది మంచిది. నూనె మీద, కరెంటు మీద దాన్ని ఎత్తకూడదు.

దాని ముక్కులో కందిరీగలు మట్టిగూళ్లు కడతాయి. ముక్కు మూసుకుంటే లోపల పుట్టిన గ్యాసు డబ్బానే బద్దలుకొడుతుంది. అందుకని నా జేబులో ఎప్పుడూ ఒక తీగముక్క ఉండేది. మీరూ ఉంచుకోండి.

ఒకసారి గతౌరా స్టేషన్లో బీడీ ఆకుల వ్యాగను అంటుకుంది. మా ఇన్‌స్పెక్టర్ విల్కిన్స్ దొర, నేను, మరికొందరు ఖలాసీలు డబ్బాలు వేసుకుని, పెట్టెల్లేని లైట్ ఇంజన్ మీద వెళ్లాం. దూరం నుంచే చూశాం, వరిచేల మీద నీలం పొగ పల్చని పంచెలా పరుచుకుంది. గట్ల మీద కూర్చున్న ముసలివాళ్లు ముక్కులు పైకెత్తి హాయిగా పీలుస్తున్నారు. ఊరు ఊరంతా కలిసి ఒకే బీడీ తాగుతున్నట్టుంది.

డబ్బాలు కొట్టాం, నీళ్లు చిమ్మాయి, మంట పోయింది. గార్డు సంతోషించి, "బస్, హో గయా. ఇంక చాలు, బండి తీసేద్దాం" అన్నాడు.

విల్కిన్స్ దొర ఒప్పుకోలేదు. ఆయన మాట్లాడేది హిందుస్తానీ, నేను తెలుగులో రాస్తున్నాను. "ఈ డబ్బాలన్నిట్లో కలిపినా నీళ్లు పట్టుమని పది బిందెలు కూడా ఉండవు. పైన తడిసింది, లోపల తడవలేదు. కట్టలన్నీ కిందికి దించండి" అన్నాడు.

గార్డు సణిగాడు. స్టేషన్ మాస్టరు బతిమాలాడు. దొర ప్లాట్‌ఫారం మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మేం కట్టలు దించుతుంటే అడుగున ఒకటి విప్పగానే ఆకుల మధ్య ఎర్రగా, మెల్లగా, నిద్రపోతున్న బిడ్డ ఊపిరిలా నిప్పు కదులుతోంది. బండి కదిలి గాలి తగిలితే దారిలో ఏమయ్యేదో గార్డుకి అర్థమైంది. మంట కనబడకపోతే ఆరిపోయినట్టు కాదని ఆ రోజు నేర్చుకున్నాను.

అతిమధురం వాసన

విల్కిన్స్ దొర గొప్పవాడని రాస్తూ పోతే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. కోపిష్టి. టోపీ పెట్టుకోకుండా ఎదురుపడితే అరిచేవాడు. పైగా ఒకసారి మా లాంప్‌రూమ్‌ని దాదాపు తగలబెట్టాడు.

సిగ్నళ్లకీ బండ్లకీ పెట్టే దీపాలు తుడిచి కిరసనాయిలు పోసే గది అది. ఒక ఉదయం నేల మీద ఒలికిన నూనె అంటుకుంది. అప్పటికి మా దగ్గర ఉన్నవి ఎర్ర శంకువులే. పక్కనే ఇసక బకెట్లు వరసగా ఉన్నాయి. దొర కంగారులో శంకువు లాక్కుని కొట్టేశాడు. నూనె నీళ్ల మీద తేలుతుంది కదా. నీటి ధార పడగానే మంట నూనెతో పాటు లేచి, నీళ్లతో పాటు పారి, గుమ్మం దాటి వరండాలోకి వచ్చింది. మేం ఇసక పోసి ఆపాం. దొర కనుబొమలు కాలిపోయాయి. మర్నాడు అందరినీ వరసగా నిలబెట్టి, కనుబొమలు లేని ఆ ముఖంతోనే, "నిన్న నేను చేసింది తప్పు. మీరు చెయ్యకండి" అని చెప్పి వెళ్లిపోయాడు. నేను చూసిన పైఅధికారుల్లో ఈ మాట అన్నవాడు ఇంకొకడు లేడు. అందుకే ఆయన అరుపులన్నీ భరించాను.

ఆ తర్వాతే మాకు నురగ డబ్బాలు వచ్చాయి. వాటిలో రెండు అరలు. బయటి అరలో సోడానీళ్లు, అందులో అతిమధురం వేరు రసం. లోపలి గొట్టంలో పటిక జాతి ఉప్పు కలిపిన నీళ్లు. డబ్బాని తలకిందులు చేస్తే రెండూ కలిసి గ్యాసు పుడుతుంది. అతిమధురం రసం వల్ల ఆ గ్యాసు బుడగలు చితికిపోకుండా చిక్కటి నురగ అవుతుంది. నూనె మీద ఆ నురగ దుప్పటిలా పరుచుకుని గాలి తగలనివ్వదు. గాలి లేకపోతే మంట లేదు.

వాడడంలో ఒకటే కిటుకు. మంటలోకి సూటిగా కొట్టకండి, నూనె చిందుతుంది. వెనకనున్న గోడకు కొట్టండి. నురగ గోడ మీంచి జారి తనంతట తనే నూనె మీదికి పాకుతుంది.

మొదటిసారి దాన్ని ఆయిల్ స్టోరు ముందు పరీక్షించినప్పుడు, నల్లటి తొట్టెలో ఎగిరే మంట మీద ఆ తెలుపు ఏ చప్పుడూ లేకుండా మూసుకుపోవడం చూసి మేమంతా దగ్గరికి జరిగాం. దగ్గుకు అమ్మ నోట్లో పెట్టే వేరుముక్క వాసన వచ్చింది. అంత మంట అలా తియ్యటి వాసనలో పడి నిద్రపోయింది.

ఇత్తడి పిచికారీ

ఇక కరెంటు. నీళ్లయినా నురగయినా కరెంటును మన చేతిదాకా మోసుకొస్తాయి. అందుకని పవర్‌హౌస్‌లో మూరెడు పొడవు ఇత్తడి పంపులు పెట్టారు. హోలీ పిచికారీలాగా లాగి కొట్టేవి. వాటిలో కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే ద్రవం ఉండేది, మేం సీటీసీ అనేవాళ్లం. చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది కానీ నీళ్లకంటే బరువు. మంట వేడికి బరువైన ఆవిరయి, గాలిని నెట్టేసి మంటను కప్పేస్తుంది. కరెంటును మోయదు. వాసన తియ్యగా, కొంచెం మత్తుగా ఉంటుంది. కోటు మీద గ్రీజు మరకలు పోతాయని ఎలక్ట్రీషియన్లు గుడ్డకు కాస్త ఒంపుకుని తుడుచుకునేవాళ్లు కూడా.

పైడయ్య అలాంటి ఎలక్ట్రీషియనే. మా పక్క క్వార్టరు, నాకు బావ వరస. వంశధార ఒడ్డున పెరిగి, పెళ్లయ్యాక బిలాస్‌పూర్ వచ్చాడు. సాయంత్రం డ్యూటీ దిగి అరుగు మీద కూర్చుంటే ఊరి చేలన్నీ వరసగా చెప్పేవాడు, ఏది ఎవరిది, ఏ గట్టు మీద ఏ చెట్టుందో. పెద్ద గొంతుతో నవ్వేవాడు. ఆ నవ్వు వినబడితే వంటింట్లో మా ఆవిడ కూడా నవ్వేది, దేనికో తెలియకపోయినా.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం పవర్‌హౌస్ వెనక స్విచ్ గదిలో బోర్డు అంటుకుంది. చిన్న గది. జల్లు కొడుతోందని కిటికీలు బిగించి ఉన్నాయి. పైడయ్య ఒక్కడే ఉన్నాడు. మెయిన్ తీసేసి, ఇత్తడి పంపు అందుకుని, తలుపు తన వెనక మూసుకుపోయినా చూసుకోకుండా కొట్టుకుంటూ పోయాడు. నేనూ విల్కిన్స్ దొరా పరుగెత్తుకొచ్చేసరికి మంట ఆరిపోయింది. తలుపు తోశాను. ఎర్రగా కాగిన రాగి పట్టీల ముందు స్టూలు మీద కూర్చుని పైడయ్య కళ్లు మూసుకుని నవ్వుతున్నాడు.

"లోపల ఏటి సేస్తన్నావు? బయటికి రా!" అని అరిచాను.

"వస్తన్నాను బావా, ఉండు." గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. "వాసన సూసినావా? మనూర్లో కోతలు కోస్తన్నట్టుంది. అప్పుడే కోసిన గడ్డి. మా నాన్న కొడవలి పట్టుకుని ముందు ఎల్తన్నట్టే ఉంది."

రెక్క పట్టుకుని బయటికి లాగాను. మెట్ల మీద కూర్చున్నాడు. కళ్లవెంట నీళ్లు, కొంచెం దగ్గు. కాసేపట్లో అవీ తగ్గాయి. టీ తాగాడు. బోర్డు పెద్దగా పాడవలేదని అందరూ మెచ్చుకుంటే సిగ్గుపడ్డాడు. నేను కూడా తేలిగ్గా, "పైడయ్యకి లోపల ఊరు కనబడిందట సాబ్, కోసిన గడ్డి వాసనొచ్చిందట" అని దొరతో అన్నాను.

దొర చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏం వాసన?"

"కోసిన గడ్డి, సాబ్."

ఆయన పైడయ్య వైపు చెయ్యి చూపించాడు. "అతన్ని లేవనివ్వకు. ఒక్క అడుగు కూడా నడవకూడదు. స్ట్రెచర్ తెప్పించు."

పైడయ్య లేచి నిలబడబోయాడు. "నాకేటయింది బావా? అందరి ముందూ నన్ను అలాగ మోసుకెల్తారేటి? ఇంటికి పోయి ఇంత గంజి తాగి తొంగుంటాను."

దొర స్వయంగా అతని భుజాలు నొక్కి పట్టాడు. "లేట్ జావ్, పడుకో!" అని అరిచాడు. ఆ అరుపులో కోపం లేదు. ఆయన భయపడటం నేను చూడటం అదే మొదటిసారి.

రైల్వే ఆస్పత్రిలో డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, అంతా శుభ్రంగానే ఉంది, ఇంటికి తీసుకెళ్లొచ్చు అన్నాడు. దొర వీల్లేదన్నాడు. ఈలోగా పైడయ్య భార్య సూరమ్మ పరుగున వచ్చింది. నవ్వుతూ పడుకున్న మొగుణ్ణి చూసి నా మీదికి వచ్చింది.

"ఏటయిందని పడుకోబెట్టినారు అన్నయ్యా? బాగున్న మనిషిని ఇక్కడ కట్టీసి ఉంచుతారేటి? నాను తీసుకుపోతాను."

విల్కిన్స్ దొర ఆమెను వరండాలోకి రమ్మని, తను చెప్పేది తెలుగులో చెప్పమని నన్ను అడిగాడు. ఆయన ఒక్కో మాటా చెప్పి ఆగుతుంటే నేను ఆమెకు చెప్పాను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన ఫ్రాన్స్‌లో కందకాల్లో ఉన్నాడు. ఒక పొద్దున పల్చటి పొగ వాళ్ల మీదుగా పోయింది. పక్కనున్న స్నేహితుడు, మా నాన్న గడ్డివాము వాసన వస్తోంది అన్నాడు. పొగ పోయింది. స్నేహితుడు కాస్త దగ్గి, సర్దుకుని, రొట్టె తిన్నాడు, బరువులు మోశాడు, పాట పాడాడు. సాయంత్రానికి...

అక్కడ నేను ఆగిపోయాను. దొర చెప్పింది నాకు అర్థమైంది, నోరు రాలేదు.

సూరమ్మ నన్నే చూస్తోంది. "ఆఖరి మాట సెప్పలేదు నువ్వు. సెప్పు అన్నయ్యా."

"ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. గట్టు మీదే ఉండి మునిగిపోయాడట."

ఆమె వెనుదిరిగింది. లోపలికి వెళ్లి పైడయ్య మంచం పక్కన నేల మీద కూర్చుని, అతని చెయ్యి తన తల మీద పెట్టుకుంది.

దీపాలు పెట్టే వేళకి పైడయ్య ఊపిరిలో గుర్రుమని బుడగల చప్పుడు మొదలైంది. పెదవులు నీలమయ్యాయి. ఆస్పత్రిలో ఉన్న ఆక్సిజన్ చాలలేదు. దొర ముందే మనిషిని పంపి వర్క్‌షాపులో వెల్డింగ్‌కి వాడే ఆక్సిజన్ సిలిండర్లు తోపుడు బండి మీద తెప్పించి ఉంచాడు. ఇంటికి పంపొచ్చన్న డాక్టరు కూడా ఆ మాట మరిచి మంచం వదలకుండా పనిచేశాడు. ఆ రాత్రి గురించి రాయలేను, రాయను. తెల్లారాక కూడా పైడయ్య మగతలోనే ఉన్నాడు. పనలు ఎవరు కడుతున్నారని, వాన వచ్చేస్తుందని, ధాన్యం తడుస్తుందని గొణిగేవాడు. ఎన్నాళ్లో అలా చేలల్లోనే తిరిగాడు.

ఒక పూట కళ్లు తెరిచి సూరమ్మను గుర్తుపట్టాడు. "కోతలు అయిపోనాయా?" అని అడిగాడు.

"అయిపోనాయి" అంది ఆమె. "ఇంటికి పోదాం."

జరిగిందేమిటో మీకు తెలియాలి. సీటీసీ ఎర్రగా కాలిన లోహం మీద పడితే, అందులో కొంత విరిగి ఫాస్జీన్ అనే విషవాయువు అవుతుంది. యుద్ధంలో వాడింది దాన్నే. బయట గాలిలో అయితే చెదిరిపోతుంది. మూసిన గదిలో పోగవుతుంది. దాని వాసన కోసిన గడ్డిలా, మాగిన గడ్డిలా ఉంటుంది. పీల్చినవాడికి ముందు ఏమీ అనిపించదు, గంటల తర్వాత చంపుతుంది. ఆ గంటల్లో నడిస్తే, మెట్లెక్కితే, చావు ఇంకా ముందుకొస్తుంది. ఇత్తడి పంపు మీద అతికించిన చీటీలో దాన్ని ఎలా కొట్టాలో ఇంగ్లీషులో ఉంది. తలుపు తీసి ఉంచమని, కొట్టి బయటికి పొమ్మని ఏ భాషలోనూ లేదు. మనిషికి పనిముట్టు ఇచ్చి, దాని ప్రమాదం చెప్పకపోవడం కంటే పెద్ద నేరం మన పనిలో లేదని నా అభిప్రాయం. ఎవరు నొచ్చుకున్నా సరే. ఆ తర్వాత దొర ప్రతి ఇత్తడి పంపు పక్కనా హిందీలో, తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాడు: తలుపు తీయి, కొట్టు, బయటికి రా.

పైడయ్య బతికాడు కానీ ఊపిరి చిన్నదయింది. ప్లాట్‌ఫారం దీపాలు చూసే తేలికపాటి పనిలో వేశారు. నవ్వు మొదలుపెడితే దగ్గు వచ్చి సగంలో తెగిపోయేది. దాంతో నవ్వడమే తగ్గించుకున్నాడు. మా రెండు అరుగుల మధ్యా సాయంత్రాలు నిశ్శబ్దమైపోయాయి.

ఎండాకాలంలో మంచు

రెండో యుద్ధం రోజుల్లో పవర్‌హౌస్‌కి కొత్త సిలిండర్లు వచ్చాయి. మందపాటి ఉక్కు, మోయలేని బరువు, చివర నల్లటి బూర. లోపల ఉండేది గోలీసోడా గ్యాసే, కార్బన్ డయాక్సైడ్. దాన్ని ఎంతగా నొక్కి పెట్టారంటే లోపల అది ద్రవంగా ఉంటుంది. మీట తిప్పితే ఒక్కసారిగా వ్యాకోచించి, తన చలికి తనే గడ్డకట్టి, బూరలోంచి తెల్లటి మంచై వస్తుంది. మంట చుట్టూ గాలిని నెట్టేస్తుంది. కరెంటును మోయదు, ఆ మంచు నీరు కాకుండానే మళ్లీ గ్యాసై ఎగిరిపోతుంది కాబట్టి దేన్నీ తడపదు, మరక చెయ్యదు.

వేసవి మధ్యాహ్నం, పవర్‌హౌస్ ముందు ఖాళీ స్థలంలో పరీక్ష. క్వార్టర్ల నుంచి ఆడవాళ్లు కూడా వచ్చి నీడలో నిలబడ్డారు. విల్కిన్స్ దొరకి అప్పటికి జుట్టంతా నెరిసింది. మీట తిప్పడానికి ఆయన పైడయ్యను పిలిచాడు. పైడయ్య బూర పట్టుకుని, నా వైపు తిరిగి, "దీనికి వాసన ఏటుంటాదో అడుగు బావా" అన్నాడు.

అడిగాను. "ఏ వాసనా ఉండదు" అన్నాడు దొర.

"మరి గదిలో నిండిపోతే ఎలాగ తెలుస్తాది?"

"తెలియదు. కళ్లు తిరిగి పడిపోతావు. అందుకే దీనికి ఇంకా భయపడాలి."

పైడయ్య తలూపి, "అచ్ఛా" అన్నాడు. తొట్టెలో నూనె అంటించారు. మీట తిప్పాడు. చెవులు హోరెత్తే చప్పుడుతో తెల్లటి మేఘం లేచింది. మంట మాయమైంది. మేఘం విడిపోయాక చూస్తే నిప్పులు చెరిగే ఎండలో, బొగ్గు నుసి మీద, మంచు. మాలో ఎవరం మంచు చూసినవాళ్లం కాదు. అందరూ దాని చుట్టూ మెల్లగా మూగారు, పడుకున్న జింకని చూడబోయినట్టు.

"చేత్తో ముట్టుకోకండి, చర్మం కాలుతుంది" అని దొర హెచ్చరించాడు.

సూరమ్మ చేత్తో ముట్టుకోలేదు. కొంగు నాలుగు మడతలు పెట్టి, దాంతో గుప్పెడు మంచు తీసి మూటగట్టి, క్వార్టర్ల వైపు పరుగెత్తింది. మంచం దిగలేని అత్తగారు, పైడయ్య తల్లి, వరండాలో పడుకుని ఉంది, ఆవిడకి చూపించాలని. మేమూ వెనకే నడిచాం.

"అత్తా, మంచు తెచ్చినాను, సూడు!"

ముసలావిడ మోచెయ్యి ఆనించి లేచి కూర్చుంది. సూరమ్మ ఆత్రంగా మడతలు ఒక్కొక్కటే విప్పింది. ఏమీ లేదు. గుడ్డ తడిగా కూడా లేదు. సూరమ్మ కొంగు దులిపింది, తిరగేసింది, నేల మీద వెతికింది.

"ఏటి సూపిస్తన్నావే? ఏదీ?" అంది అత్తగారు.

"ఇందులోనే ఉండాలత్తా, ఇప్పుడే పెట్టినాను!"

"ఎండలో తిరక్కే అంటే ఇనవు" అని ముసలావిడ జాలిగా కోడలి నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసింది.

నా పక్కన పైడయ్య నవ్వడం మొదలుపెట్టాడు. మొదట చిన్నగా, తర్వాత వరండా స్తంభం పట్టుకుని, పెద్ద గొంతుతో. పక్క క్వార్టర్లోంచి మా ఆవిడ బయటికి వచ్చింది. దేనికో తెలియకుండానే తనూ నవ్వుతోంది. సూరమ్మ మాత్రం ఖాళీ కొంగు పట్టుకుని, తల పక్కకి వంచి, ఊపిరి బిగపట్టి, అతని దగ్గు కోసం వింటూ నిలబడింది. నవ్వు చివరిదాకా సాగి, అలసిపోయి, తనంతట తనే ఆగింది. దగ్గు రాలేదు.